దేవిడీ మన్నా!

తెలుగువాడు తన ఇంట్లో తాను అడుగు పెట్టాలంటే ఇకమీదట ఫ్రెంచి నేర్చుకోవాలి కాబోలు. మేడ్చల్ మీదుగా నాగపూరు రోడ్డున పోతూ రెండు పక్కలా చూడండి. లేదా శామీర్‌పేట మీదుగా కరీంనగర్ రోడ్డున పోతూ చూడండి. ఒకప్పుడు ద్రాక్షతోటలూ వరిమళ్ళూ ఉన్న నేలలో ఇవాళ తాటికాయంత అక్షరాలతో ప్రకటనలు మొలిచాయి. "విశాలమైన ఫోయర్" అంటాడొకడు. "డబుల్ హైట్ ఎంట్రన్స్ లాబీ" అంటాడు మరొకడు. "గ్రాండ్ అరైవల్ ఎక్స్‌పీరియన్స్" అని వేశాడు మూడోవాడు. అంటే ఏమిటని అడిగితే, "ఇంట్లోకి రావడమేనండీ" అన్నాడు అక్కడి కుర్రాడు.

రంగుల కాగితం ఒకటి నా చేతిలోనూ పెట్టారు. విప్పి చూస్తే, ఇంటి నక్షాలో గుమ్మం దాటగానే అగ్గిపెట్టెంత గడి, దాని మీద "ఫోయర్" అని పేరు. కొలిస్తే వెడల్పు నాలుగడుగులు, పొడుగు ఆరడుగులు. అందులోనే చెప్పుల బీరువా, కరెంటు స్విచ్చుల పెట్టె. మిగిలిన జాగాలో మనిషి పక్కకు తిరిగి నడవాలి. అక్కడే గోడకు సిమెంటు పూస్తున్న మేస్త్రీని, "దీన్ని మీరేమంటారయ్యా?" అని అడిగాను. "గిదా? దర్వాజ కాడి జాగ, సార్" అన్నాడు. ఆ రంగుల కాగితం అచ్చు వేయించిన పెద్దమనుషులందరికంటే ఆ మేస్త్రీకే తెలుగు బాగా వచ్చు.

ఇంతకీ ఫోయర్ అంటే ఏమిటి? ఫ్రెంచివాడు దాన్ని "ఫ్వాయే" అంటాడు. మూలం లాటిన్‌లో పొయ్యి అనే అర్థమున్న మాట. చలిదేశాల నాటకశాలల్లో ఆట మధ్య విరామంలో జనం వచ్చి చలికాచుకునే గదికి ఆ పేరు వచ్చింది. అంటే మేడ్చల్‌లో, మే నెలలో, ఎండ 40 డిగ్రీలు దాటినవేళ, మన ఇంటికొచ్చిన చుట్టాన్ని మనం "రండి, రండి, పొయ్యిలోకి దయచేయండి" అని పిలుస్తున్నామన్నమాట! ఆ మాటకొస్తే, పడమటి ముఖం ఇళ్ళ విషయంలో ఈ పేరు కొంత సార్థకమే సుమండీ.

ఇక లాబీ. దాని పుట్టుపూర్వోత్తరాలు ఇంకా తమాషా. పాత జర్మన్ భాషల్లో ఆకు అనే మాట ఉంది. దానిలోంచి ఆకుల చూరు అనే మాట పుట్టింది. అది లాటిన్‌లో చేరి మఠాల ముందరి కప్పున్న నడవకు పేరై, ఇంగ్లీషులో లాబీ అయింది, లాడ్జి కూడా అయింది. మనం దాన్నేమంటాం? పందిరి! పెళ్ళికి తాటాకులతో, మామిడి కొమ్మలతో వేసుకునే మన పందిరినే పాలరాయి పరిచి, అద్దాలు బిగించి, చల్లటి మిషను పెట్టి, లాబీ అని పేరు పెట్టి, అడుగుకు ఇంత అని మనకే అమ్ముతున్నారు.

"పేరుదేముందిలెద్దురూ, గుమ్మం దాటాక ఏదో ఒకటి" అని తీసిపారేసేవాళ్ళున్నారు. వాళ్ళతోనే నా పేచీ. ఇంట్లో మిగతా గదుల సంగతి వేరు. వంటిల్లును కిచెనన్నా అన్నం ఉడుకుతుంది. పడకటింటిని బెడ్రూమన్నా నిద్ర పడుతుంది. కాని ఇంటి ముఖాన ఉన్న జాగా మనది కాదు, వచ్చేవాడిది. దానికి మనం పెట్టే పేరు, వచ్చేవాడితో మనం ఆడే మొదటి మాట. అది మరిచిపోతే ఏమవుతుందో మనకు ఒకసారి అనుభవమైంది కూడా.

హంపీలో రాజభవనాల నడుమ హజార రామాలయం ఉంది. పదిహేనో శతాబ్దపు గుడి. గోడల నిండా రామాయణం చెక్కి ఉంది. హజార్ అంటే వెయ్యి, వెయ్యి రామమూర్తులున్నాయి కాబట్టి హజార రాముడు అని చెప్పుకుంటారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు తలలెత్తి లెక్కపెట్టుకుంటారు. కాని మన పాత తెలుగులో "హజారము" అని ఒక మాట ఉంది. రాచనగరు ముందరి కొలువుచావడి, మొగసాల అని దాని అర్థం. ఆ రాముడు నగరి హజారం దగ్గరి రాముడు గనకనే హజార రాముడయ్యాడని చెప్పే పండితులున్నారు. నాకైతే ఆ మాటే సబబుగా తోస్తుంది. ఇంటి ముఖానికి మనం పెట్టుకున్న చక్కని పేరును మనమే మరిచిపోతే, ఎవరో వచ్చి దానికి పార్శీ లెక్కలు కట్టిపోయారు. ఇవాళ్టి ఫోయర్‌కు రేపు ఇంకెవరు ఏ లెక్క కడతారో!

మనకు మాటలు తక్కువై అరువు తెచ్చుకున్నామా అంటే అదీ కాదు. రాజుగారికి హజారం ఉంటే, కలిగినవాళ్ళకు మొగసాల ఉంది. మొగమంటే ముఖం, సాల అంటే శాల. ఇంటి ముఖశాల అన్నమాట. దేవుడికైతే ముఖమండపం. ఊరందరికీ కలిపి చావడి. ఆ చావడినే ఇంగ్లీషువాడు నోరు తిరక్క చౌల్ట్రీ అని తన నిఘంటువులో చేర్చుకున్నాడు. కోస్తా ఇళ్ళకు వసారా, రాయలసీమ ఇళ్ళకు పంచ, అందరికీ అరుగు. ఇక వాకిలి చూడండి. గుంటూరు ఆడపడుచు "వాకిలి వెయ్యి" అంటే తలుపు మూయమని. మేడ్చల్ అత్తగారు "వాకిలి ఊడువు" అంటే ఇంటి ముందరి జాగా చిమ్మమని. అక్కడి పిల్ల ఇక్కడికి కోడలై వస్తే, తలుపును చీపురుతో ఏం చేయాలో తెలియక ఒక పూట తికమక పడుతుంది. ఆ తికమకలో కూడా అందముంది. ఒకే మాట ఒకచోట తలుపు, ఒకచోట తలుపు ముందరి నేల. రెండూ ఇంటి ముఖమే.

వీటన్నిటికంటే మన హైదరాబాదుకు సొంతమైన మాట ఇంకొకటి ఉంది. దేవిడీ. హిందీలో, ఉర్దూలో డ్యోఢీ అంటే ఇంటి ముఖద్వారం, ద్వారం లోపలి మొదటి సాల. పాతబస్తీ నవాబుల ఇళ్ళలో పెద్ద కమాను కింద పహరావాడు ఉండేవాడు. వచ్చినవాడు అక్కడ ఆగేవాడు. లోపలికి కబురు వెళ్ళి, తిరిగి కబురు వచ్చేదాకా అక్కడే కూర్చునేవాడు. ఆ వాకిటి గది పేరు పెరిగి పెరిగి మొత్తం భవంతి పేరైంది. ఖుర్షీద్ జా దేవిడీ, దివాన్ దేవిడీ అంటే గుమ్మాలు కావు, మహళ్ళు. సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో నెహ్రూగారి చేతుల మీదుగా మొదలైంది ఆ దివాన్ దేవిడీలోనే. 1968లో ఇప్పటి భవనానికి తరలింది. గుమ్మం పేరు ఇంటికి ఎక్కడం లోకంలో వింత కూడా కాదు. తురుష్క సామ్రాజ్యపు ప్రభుత్వాన్ని "ఎత్తైన ద్వారం" అనేవాళ్ళు. జపాను చక్రవర్తిని పిలిచే మికాడో అనే మాటకు కూడా "మహాద్వారం" అనే అర్థం. పెద్దవాడిని అతని గుమ్మంతోనే కొలిచేది లోకం.

మరి ఇంత గొప్ప దేవిడీ తెలుగువాడి నోట ఎలా మిగిలింది? "దేవిడీ మన్నా!" అని మిగిలింది. మనా అంటే కూడదని. దేవిడీ మన్నా అంటే గుమ్మం తొక్కకూడదని. ఉద్యోగం పోయినవాడికి దేవిడీ మన్నా. అత్తవారింట అలిగి వచ్చిన అల్లుడికి దేవిడీ మన్నా. జేబులో కానీ లేకపోయినా దేవిడీ మన్నానే. దేవిడీలు ఒక్కొక్కటీ కూలిపోయాయి, మన్నా మాత్రం చెక్కు చెదరలేదు. మనిషిని కూర్చోబెట్టే జాగాకు ఉన్న పేరును మనిషిని తరిమేసేటప్పుడు మాత్రమే వాడుకునే జాతి మనది!

ఇది మాట కోసం చెప్పలేదు. శామీర్‌పేట పక్కన నేను చూసిందే చెబుతాను. మా మేనల్లుడు అక్కడ కొత్తగా ఫ్లాటు కొన్నాడు. ఎండాకాలం మధ్యాహ్నం చూడబోయాను. గేటు దగ్గర పేరడిగారు, ఫోన్ నంబరడిగారు, ఫొటో తీశారు. మావాడి సెల్‌ఫోనుకు కబురు వెళ్ళింది. వాడు ఏదో మీటింగులో ఉన్నాడు. వాడు వేలితో నొక్కితేగాని నాకు ప్రవేశం లేదు. నాతోపాటు అన్నం పొట్లాలు తెచ్చిన కుర్రాడు, మంచినీళ్ళ డబ్బాల ఆటోవాడు, గిన్నెలు తోమే మనిషి, ఆమె కూతురు, అందరం ఎండలో నిలబడ్డాం. నీడనిచ్చేది కావలివాడి రేకుల గది ఒక్కటే. అది ఒక్క మనిషికే సరిపోతుంది. సిద్దిపేట వైపు పెద్దాయన. నా నెరిసిన జుట్టు చూసి తన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ నాకు వేశాడు. ఆ తల్లీకూతుళ్ళకు ఖాళీ డబ్బాలు రెండు బోర్లించి, "కూసో బిడ్డా" అన్నాడు. నా వైపు తిరిగి మెల్లగా, "ఈడ ఎవ్వల్ని కూసుండనియ్యొద్దన్నరు సార్. గని మనిషిని ఎండల నిలవెట్టుడుకు మనసొప్పుతదా?" అన్నాడు.

ముప్పావుగంట తరవాత వేలు నొక్కబడింది. లోపలికి వెళితే, అదిగో లాబీ! రెండంతస్తుల ఎత్తు. నేల మీద మొహం కనబడుతుంది. ఇరవైమంది కూర్చునే సోఫాలు. ఒక్క పురుగు లేదు. కూర్చోరాదని బోర్డేమీ లేదు. కూర్చోవలసినవాళ్ళు గేటు దాటి రాలేరు, దాటి వచ్చినవాళ్ళకు ఇళ్ళే ఉన్నాయి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని సామెత. ఇప్పుడది తిరగబడింది. లోపల పల్లకీ ఖాళీగా ఉంది, బయట మనుషులు మాడుతున్నారు. ఆ మధ్యాహ్నం ఆ మొత్తం కాలనీకి మొగసాల ఏదంటే, కావలిపెద్దాయన వేసిన ఒక కుర్చీ, బోర్లించిన రెండు డబ్బాలు.

"దొంగల కాలమండీ, అందర్నీ రానిస్తే ఎలా?" అంటారు. నిజమే, దొంగలున్నారు. పూర్వం మాత్రం లేరా? దివిటీ దొంగలుండేవారు, బందిపోట్లుండేవారు. అయినా అరుగు కట్టారు, మొగసాల కట్టారు. ఎందుకు? నమ్మకం లేని మనిషిని కూడా ఆదరించడానికి! ఇదీ నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి. అరుగు తలుపుకు బయట ఉంటుంది. మొగసాల లోపలి తలుపుకు ఇవతల ఉంటుంది. వచ్చినవాడెవరో తెలియకముందే నీడ ఇవ్వచ్చు, పీట వెయ్యచ్చు, చెంబుడు మంచినీళ్ళివ్వచ్చు. ఇల్లు మాత్రం అప్పుడే ఇవ్వనక్కర్లేదు. ముందు కూర్చోమను, తరవాత ఎవరని అడుగు. ఈ క్రమం కోసమే ఆ గది పుట్టింది. నవాబు దేవిడీలోనూ పహరా ఉండేది, కాని పహరా కింద కూర్చునే చోటు కూడా ఉండేది. మనం పహరా ఉంచుకుని చోటు తీసేశాం. ఇప్పుడు ఎవరో తేలేదాకా ఎండలో నిలబెడుతున్నాం. తేలినవాడికి మళ్ళీ మొగసాలతో పనేముంది, నేరుగా ఇంట్లోకే వస్తాడు!

అలాగని పాతకాలాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగమని నేననను. పాత అరుగు అందరిదీ కాదు. ఆ అరుగు మీద ఎవరు కాలు మీద కాలేసుకుని కూర్చోవాలో, ఎవరు కింద గొంతుకు కూర్చోవాలో, ఎవరు చెప్పులు చేతబట్టుకుని వాకిట్లో నిలబడాలో కులం చెప్పేది. దొరల గడీల ముందు వెట్టివాళ్ళు నిలబడ్డ ఎండ, ఇవాళ గేటు ముందరి ఎండకంటే చల్లనిదేం కాదు. అంచేత అరుగు పోయిందని ఏడ్చేవాళ్ళలో నేను లేను. అరుగు మీద కూర్చోనివ్వనివాళ్ళు పోయి, అరుగు అందరిదయ్యే కాలం వచ్చేసరికి అరుగునే తీసేశారే, అదీ నా ఏడుపు.

ఎలా పోయిందంటే, ఒక్కడి పాపం కాదు. పల్లెటూరి వీధుల్లో సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేశారు, వీధి పైకి లేచి అరుగు నేలమట్టమైంది. రోడ్డు వెడల్పు చేశారు, ఉన్న అరుగు కొట్టేశారు. కొత్త ఇంటికి ముందు ఖాళీ వదలాలన్నారు. గాలికీ వెలుతురుకూ మంచిదే. కాని ఆ ఖాళీ చుట్టూ ప్రహరీ లేచింది, ప్రహరీకి ఇనుప గేటు వచ్చింది, గేటు లోపల పోర్టికో వచ్చింది. పోర్టికోలో నీడ ఉంది. ఎవరికి? కారుకు! ఇంటిముందు నీడన నిలిచే హక్కు మనిషి నుంచి మోటారుకు బదిలీ అయింది.

దానికితోడు అడుగుల లెక్క. 2016 నాటి రియల్ ఎస్టేటు చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో నిర్వచించింది. ఇంటికి సొంతమైన బాల్కనీ, వరండా అందులోకి రావని తేల్చింది. కొనేవాడిని మోసం చెయ్యకుండా పెట్టిన మంచి నిబంధనే. కాని కొనేవాడు కార్పెట్ ఎంత అని అడుగుతాడు, కట్టేవాడు కార్పెట్‌లోకి రాని వరండాను కుదిస్తాడు. అందరికీ కలిపి కట్టిన లాబీలో మన వాటా ఎంతో మాత్రం సూపర్ బిల్టప్ అనే పద్దులో చేర్చి వసూలు చేస్తారు. కూర్చోని సోఫాకు డబ్బిస్తాం, కూర్చునే అరుగును లెక్కలోంచి కొట్టేస్తాం. ఇదీ మన బేరం.

జాగా లేదు కాబట్టి పోయిందంటారా? జపానువాడిని చూడండి. వాడి ఫ్లాటు మన వంటింటంత ఉంటుంది. అయినా గుమ్మంలో గెన్‌కాన్ ఉంటుంది. నేల ఒక మెట్టు దిగువ. వచ్చినవాడు అక్కడ నిలబడి పలకరిస్తాడు, చెప్పులు విప్పుతాడు, పైకెక్కుతాడు. రెండడుగుల జాగా అయినా దాని పని పోలేదు, పేరు పోలేదు. దానికి ఫ్రెంచి పేరు పెట్టాలని వాడికి తోచలేదు.

ఇంకోవైపు మన భాషాభిమానులున్నారు. ఫోయర్ అనగానే వాళ్ళకు ఆవేశం వస్తుంది. "ప్రవేశ ప్రాంగణ కక్ష్య" అనండి అంటారు. మహాప్రభో! ఆ పేరు పలికేలోగా వచ్చినవాడు వెళ్ళిపోతాడు. కొత్తమాట పుట్టించడం కష్టం కాదు, దాని మీద ఎవరైనా కూర్చోవడమే కష్టం. దేవిడీ ఉర్దూ దారిన వచ్చినా జనం కూర్చున్నారు కాబట్టి తెలుగైంది. దర్వాజా పార్శీ మాటైనా మేస్త్రీ చేతిలో తెలుగైంది. ఫోయర్ కూడా పరాయి మాట కావడం వల్ల నాకు చేదు కాలేదు. అది ఖాళీ మాట కావడం వల్ల చేదైంది. రేపెవరైనా మేడ్చల్‌లో ఫోయర్ కట్టి, అందులో బల్ల వేసి, దారిన పోయే మనిషిని కూర్చోనిస్తే, పదేళ్ళలో మన ఆడవాళ్ళు "ఫోయిర్ల కూసో" అంటారు. అప్పుడది తెలుగే. నేనే వెళ్ళి నిఘంటువులో చేరుస్తాను.

అంచేత ఇళ్ళు కట్టేవారికీ కొనేవారికీ నా మనవి ఒక్కటే. పేరు పెట్టేముందు ఒక పరీక్ష పెట్టండి. తలుపు తెరవకముందు, పేరడగకముందు, ముక్కూమొహం తెలియని మనిషి అక్కడ నీడన కూర్చోగలడా? కూర్చోగలిగితే దాన్ని మొగసాల అనండి, అరుగనండి, వసారా అనండి, మీ ఇష్టం. కూర్చోలేకపోతే దాన్ని సందు అనండి. చెప్పుల బీరువా ఉంటే చెప్పుల సందు అనండి. సందును సందు అంటే ఎవరికీ అవమానం కాదు. పెద్దపెద్ద కాలనీలవాళ్ళకు మాత్రం ఇంకో మాట. పాలరాతి లాబీలో ఉన్న సోఫాల్లో రెండు తీసుకొచ్చి గేటు బయట, ఒక రేకుల పందిరి కింద వెయ్యండి. పక్కన ఒక కుండ పెట్టండి. గెస్టులకు, పనివాళ్ళకు, పొట్లాల కుర్రాళ్ళకు అందరికీ అదే బల్ల. పహరా మానెయ్యమని నేననడం లేదు. కూర్చోబెట్టి అడగండి.

మేడ్చల్, శామీర్‌పేట అంటే ఏమనుకున్నారు? హైదరాబాదుకు ఉత్తరాన మొగసాలలు అవి. నిజామాబాదు, ఆదిలాబాదు జనం ఒక దారిన, సిద్దిపేట, కరీంనగర్ జనం ఇంకో దారిన ఈ వాకిళ్ళలోంచే నగరంలోకి వస్తారు. ఆ ఇళ్ళకు ఇటుక మోసినవాళ్ళలో బీహారువాళ్ళున్నారు, ఒడిశావాళ్ళున్నారు. నగరం తన ముఖాన ఏ పేరు రాసుకుందో ముందు చూసేది వాళ్ళే. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పొడుగునా ఎన్ని గేట్లయినా కట్టుకోండి. ప్రతి గేటు పక్కనా ఒక బల్ల లేకపోతే మాత్రం, ఫోయర్లని, లాబీలని ఊరిని మభ్యపెట్టకండి. ఉన్నమాటే పెద్ద అక్షరాలతో రాయించండి. తెలుగులో దానికి చక్కని పేరు ముందునుంచీ ఉంది. దేవిడీ మన్నా!